పది ప్లేట్లు వద్దు, ఒక్క పొయ్యి చాలు

విదేశాలకు వెళ్లి తిండి మీద డాక్యుమెంటరీ తీద్దామనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది కెమెరా గురించి. తర్వాత డ్రోన్ గురించి. ఆ తర్వాత, ఉన్న కొద్ది రోజుల్లో ఎన్ని చోట్లు కవర్ చేయొచ్చని. నా మటుకు అసలు ప్రశ్న ఆ చివరిదే. దానికి నా జవాబు: ఒక్క చోట. ఒక్క వంటకం, ఒక్క పొయ్యి, ఆ పొయ్యి మీద బతికే ఒక్క కుటుంబం. వియత్నాంలో, హనోయ్ పాతబస్తీలో ఫో అనే నూడుల్స్ సూప్ అమ్మే ఒక దుకాణాన్ని పట్టుకుని వీడియో తీశాక ఈ అభిప్రాయం నాలో బాగా గట్టిపడింది. ఎవరు ఎదురు వాదించినా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

మనకు దొరికే వీడియోలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ‘24 గంటల్లో హనోయ్, 15 వంటకాలు’ అని మొదలవుతుంది. గిన్నె వస్తుంది. చెంచా లోపలికి వెళ్తుంది. కళ్లు మూసుకుంటారు, తల ఊపుతారు, ‘అబ్బా’ అంటారు. ధర చెబుతారు. ఇంకో వీధికి వెళ్తారు. సరదాగా చూడొచ్చు, ఊరు కొత్తవాళ్లకు ఎక్కడ తినాలో తెలుస్తుంది కూడా. అలాంటి వీడియోలు తీసేవాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. కానీ దాన్ని డాక్యుమెంటరీ అని పిలిస్తే మాత్రం ఒప్పుకోను. ఆ గిన్నె ముందు ఐదు నిమిషాలు కూర్చున్న ఎవరికైనా తెలిసేదే అందులో మనకు తెలుస్తుంది. డాక్యుమెంటరీ అన్నాక, ఆ ఐదు నిమిషాల్లో తెలియనిది చెప్పాలి కదా.

ఫో సంగతే చూడండి. పొద్దున్నే తినేవాళ్ల దృష్టిలో అది బియ్యపు నూడుల్స్, పశుమాంసం, వేడి రసం. తయారుచేసే వాళ్ల దృష్టిలో అది ముందురోజు సాయంత్రమే మొదలైన పని. నేను చూసిన దుకాణంలో ఎముకల్ని ఒకసారి మరిగించి ఆ నీళ్లు పూర్తిగా పారబోస్తారు. ఎముకల్ని ఒక్కొక్కటిగా బ్రష్‌తో కడుగుతారు. అల్లం, చిన్న ఉల్లిపాయలు తొక్కతోనే బొగ్గుల మీద కాలుస్తారు, నల్లబడ్డ తొక్క గీకేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలకులు పొడి పెనం మీద వేయించి గుడ్డలో మూటకడతారు. ఇక రాత్రంతా సన్నటి మంట. రసం తెర్లకూడదు, తెర్లితే మడ్డిగా అయిపోతుంది. పైకి తేలే నురగను ఎవరో ఒకరు తీస్తూనే ఉండాలి. ఆ ‘ఎవరో ఒకరు’ అరవై దాటిన ఒక పెద్దావిడ. రాత్రి రెండింటికి లేచి, చిన్న ప్లాస్టిక్ స్టూల్ మీద గోడకు ఆనుకుని కూర్చుంటుంది. గరిట అడ్డంగా తిప్పి నురగ తీస్తుంది, పక్కనున్న గిన్నెలో విదిలిస్తుంది, మళ్లీ తిప్పుతుంది. ఆవిడ మొహాన నిద్ర లేదు, విసుగూ లేదు.

పొద్దున ఎనిమిదింటికి వచ్చి గిన్నెను క్లోజప్ తీసుకుని వెళ్లిపోయే కెమెరాకు ఇందులో ఒక్క ముక్క కూడా దొరకదు.

ఉండిపోతే దొరికేదానికి ఇంకొక ఉదాహరణ చెబుతాను. తెల్లవారాక బేరం మొదలైంది. ఆవిడ నూడుల్స్‌ను జల్లెడ బుట్టలో వేసి వేడినీళ్లలో ముంచి, రెండుసార్లు విదిలించి గిన్నెలో బోర్లిస్తుంది. పచ్చిమాంసం పల్చగా కోసి, కత్తి పక్కభాగంతో ఒక్క దెబ్బ కొట్టి చదునుచేసి పైన పరుస్తుంది. ఆ మీద మరిగే రసం పోస్తే, ఆ వేడికే మాంసం సగం ఉడుకుతుంది. ఇదంతా ఎవరైనా తీస్తారు, తీశారు కూడా. నాకు మాత్రం కాస్త ఆలస్యంగా కనిపించిందేమిటంటే, రోజూ వచ్చేవాళ్లను ఆవిడ ఏం కావాలని అడగదు. సందు మలుపులో మోటార్ సైకిల్ తిరుగుతుండగానే ఆవిడ చెయ్యి ఒకరికి పచ్చిమాంసం వైపు, ఇంకొకరికి ఉడికించిన మాంసం వైపు వెళ్లిపోతుంది. ఒకాయనకు రసం మీద తేలే కొవ్వు ఒక గరిటె అదనం. ఒకామెకు ఉల్లికాడల తెల్లటి మొదళ్లు వేడినీళ్లలో ముంచి వేరే చిన్న గిన్నెలో. బండి స్టాండ్ వేసేసరికి గిన్నె బల్ల మీద ఉంటుంది. మొదట్లో ఇది నా కంటికి ఆనలేదు, ఎందుకంటే అప్పటికి ఆ మనుషులెవరో నాకు తెలియదు. వాళ్ల మొహాలు గుర్తుపట్టడం మొదలయ్యాకే ఆవిడ చేతి లెక్క అర్థమైంది. అప్పుడు కెమెరాను గిన్నె మీంచి తీసి, ఒక వైపు సందు మలుపు, ఇంకో వైపు ఆవిడ చెయ్యి ఒకే ఫ్రేములో పడేలా పెట్టాను. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన షాట్ అదే.

ఒకే చోట ఉంటే చరిత్ర ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. అక్కడి నుంచే వస్తుంది. వికీపీడియాలో ఉన్నది కామెంటరీలో చదివేస్తే అది వినేవాళ్ల చెవిన పడదు. అదే పొయ్యి దగ్గర పుట్టిన ప్రశ్నకు జవాబుగా వస్తే వింటారు. పాత గిరాకీ ఒకాయన తింటూ తింటూ తన చిన్నప్పుడు ఫోలో మాంసం ఉండేది కాదన్నాడు. ప్రభుత్వ దుకాణాల్లో రేషన్ మీద సరుకులు దొరికే కాలం అది. ఉత్తి నూడుల్స్, రసం. జనం దాన్ని ‘పైలట్ లేని ఫో’ అనేవాళ్లు, అప్పట్లో ఉత్తర వియత్నాం మీద తిరిగిన అమెరికా మానవరహిత నిఘా విమానాల్ని తలుచుకుని. 1986లో ‘దోయ్ మోయ్’ ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక ప్రైవేటు దుకాణాలు మళ్లీ ఊపిరి పీల్చుకున్నాయి. ఆయన ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆయన ముందున్న గిన్నెలో మాంసం నిండుగా ఉంది. ఆ రెండూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు నా కామెంటరీతో పనేముంది?

అలాగే గిన్నె పక్కన ఏముంది, ఏం లేదు అన్నది కూడా. హనోయ్‌లో వెల్లుల్లి వేసిన వెనిగర్, మిరపకాయలు, నంజుకోవడానికి వేయించిన పిండి కడ్డీలు పెడతారు. దక్షిణాన సైగాన్‌లో అయితే మొలకలు, పళ్లెం నిండా ఆకులు, తియ్యటి సాస్ వస్తాయి. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి తరలిపోయారు, వాళ్లతో పాటు ఫో కూడా వెళ్లి అక్కడి రుచులకు తగ్గట్టు మారింది. ఈ సంగతి చెప్పడానికి సైగాన్‌కు విమానం ఎక్కక్కర్లేదు. హనోయ్ బల్ల మీద ఆకుల పళ్లెం ఎందుకు లేదని అడిగితే చాలు, దుకాణంలో ఉన్న నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు.

పుట్టుక గురించిన తగాదా కూడా అంతే. ఫో పుట్టింది నామ్ దిన్ ప్రాంతంలోనని ఒకరు, హనోయ్‌లోనని ఇంకొకరు. 20వ శతాబ్దం మొదట్లో, ఫ్రెంచి పాలనలో పశుమాంసం వాడకం పెరిగిన కాలంలో ఉత్తర వియత్నాంలో పుట్టిందనే వరకు అందరూ ఒప్పుకుంటారు. ఆపైన గొడవే. 2024 ఆగస్టులో వియత్నాం సాంస్కృతిక శాఖ హనోయ్ ఫో, నామ్ దిన్ ఫో రెండింటినీ జాతీయ అమూర్త వారసత్వ (కట్టడాలు కాని సంప్రదాయాల) జాబితాలో చేర్చింది. మన వీడియోల్లో మాత్రం ‘ఇది ఫలానా ఊళ్లో పుట్టింది’ అని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేసి ముందుకు పోతారు. తగాదాను తగాదాలాగే చూపించండి. దుకాణం ఆవిడ హనోయ్ అంటే, నూడుల్స్ సరఫరా చేసే అతను నామ్ దిన్ అన్నాడు, ఇద్దరూ ఆ మాట మీదే ఉన్నారు.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. పరాయి వంటకం నోట్లో పెట్టుకోగానే ‘ఇది అచ్చం మన ఫలానా దానిలా ఉంది’ అనడం. చూసేవాళ్లకు దగ్గరవ్వాలనే ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాటతో చూసేవాళ్లకు అంతా అర్థమైపోయినట్టు అనిపిస్తుంది, ఇక కుతూహలం అక్కడికక్కడే చచ్చిపోతుంది. పోల్చకుండా ఒక రుచిని వర్ణించడం కష్టం. ఆ కష్టం పడాల్సింది మనమే.

సాంకేతిక విషయాలకొస్తే, అన్నీ చెప్పను, ఒకే చోట తీసేవాళ్లకు పనికొచ్చేవి చెబుతాను. వియత్నాంలో కరెంటు 50 హెర్ట్జ్. దుకాణాల్లో ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీ బోర్డులు విపరీతం. ఫోన్లు, చాలా కెమెరాలు సెకనుకు 30 ఫ్రేముల సెట్టింగ్‌తో వస్తాయి. దాంతో తీస్తే, ఆ లైట్ల కంటికి కనిపించని మిణుకు వల్ల తెర మీద చారలు కదులుతూ కనిపిస్తాయి, ఎడిటింగ్‌లో వాటిని వదిలించడం దాదాపు అసాధ్యం. 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా హనోయ్ తేమలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, ముఖ్యంగా గోడలు కూడా చెమటపట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. రాత్రి రెండింటికి షూట్ అంటే ఒంటిగంటకే బ్యాగు బయట పెట్టండి. ఇక పొగలు కక్కే రసాన్ని తీయాలంటే వెలుగు ఆవిరి వెనక నుంచి రావాలి, వెనకాల చీకటిగా ఉండాలి. ఎదుటి నుంచి లైటు వేస్తే ఆవిరి మాయమైపోతుంది.

అయితే వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది శబ్దం. ఒక కన్ను మూసి చూసినా తిండి వీడియో బాగానే ఉంటుంది, చెవులు మూసుకుంటే ప్రాణం పోతుంది. గుండ్రటి మందపాటి చెక్కమొద్దు మీద కత్తి పడే చప్పుడు, కడిగిన గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చే చప్పుడు, నూడుల్స్ బుట్ట విదిలించే చప్పుడు. హనోయ్‌లో హారన్లు వీటన్నిటినీ మింగేస్తాయి. అందుకే కెమెరా లేకుండా, చిన్న రికార్డర్ ఒక్కటే పట్టుకుని తెల్లవారుజామున కూర్చోవాలి. వీధి నిద్ర లేవకముందు ఆ వంటింటికి ఉండే సొంత శబ్దం పగలు ఎన్ని మైకులు పెట్టినా రాదు. దాని మీద సంగీతం పరిచేయడం నాకు అస్సలు నచ్చదు. ఊరు మారినా అదే ఉకులేలే, అదే చప్పట్లు.

భాష దగ్గరే సినిమా నిలబడుతుంది, లేదా పడిపోతుంది. స్థానికంగా సాయం చేసే మనిషిని పెట్టుకోవాలి, రోజుకింతని ముందే మాట్లాడుకుని సరిగ్గా ఇవ్వాలి. అయితే అతను అక్కడికక్కడ చెప్పే అనువాదాన్ని నమ్ముకుని ఎడిట్ చేయకూడదు. దుకాణం మూశాక మధ్యాహ్నం ఆ పెద్దావిడను కూర్చోబెట్టి, మీ తర్వాత ఇది ఎవరు చూసుకుంటారని అడిగాం. ఆవిడ గరిట తుడుస్తూ, తల ఎత్తకుండా చాలాసేపు మాట్లాడింది. అనువాదం చేస్తున్న కుర్రాడు ఒక్క వాక్యంలో చెప్పాడు: ‘ఇంకా తేలలేదట.’ తర్వాత ఆ ఫుటేజీని ఇంకొకరికి ఇచ్చి మాట మాటా రాయించాను. ఆవిడ చెప్పింది వేరు. కూతురు దుకాణం తీసుకుంటానంటోంది, తనే వద్దంటోంది. రాత్రి రెండింటికి లేచి లేచి తన మోకాళ్లు పోయాయి, కూతురికి ఆ బతుకు వద్దు. కానీ ఆ పిల్ల అప్పుడప్పుడు వచ్చి కుండ దగ్గర నిలబడితే లోపల సంతోషంగా ఉంటుంది, ఆ సంతోషం కూతురి కంట పడితే ఇక ఆ పిల్లను ఆపలేనని భయం.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. పెద్దావిడ సొంత మాటల్ని బయటివాళ్ల ముందు విప్పి చెప్పడం అతనికి మర్యాద అనిపించలేదు. కానీ నేను ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుని ఉంటే, నా చేతిలో ఒక రెసిపీ వీడియో మిగిలేది. అందుకే బడ్జెట్లో మాట మాటా అనువాదానికి డబ్బు పక్కన పెట్టమని అందరికీ చెబుతాను. లెన్స్ ఒకటి తక్కువైనా పర్వాలేదు.

ఆవిడ గొంతు మీద తెలుగు డబ్బింగ్ వేయమని స్నేహితులు సలహా ఇచ్చారు. వేయలేదు. వియత్నామీస్‌లో స్వరం పైకి పోయినా కిందికి దిగినా అర్థమే మారిపోతుంది, ఆ ఎగుడుదిగుళ్లలోనే మనిషి ఉంటుంది. సబ్‌టైటిళ్లే పెట్టాను. తెలుగులో సబ్‌టైటిళ్లు పెట్టేవాళ్లకు ఒక సంగతి: ఇంగ్లీషు కోసం చేసిన సెట్టింగులతో పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. వరుసల మధ్య ఖాళీ పెంచండి, ఒక్కో వరుసలో నాలుగైదు మాటలకు మించనివ్వకండి, ఫోన్‌లో పెట్టి అమ్మానాన్నల వయసు వాళ్లతో చదివించి చూడండి. వాళ్లు చదవలేకపోతే వాక్యం తిరగరాయాలి.

ఇక అసలు వాదన. ‘ఇంత నెమ్మదిగా ఉంటే ఎవరు చూస్తారు?’ అంటారు. ఎక్కువసేపు ఉండి తీయడం వేరు, సినిమా నెమ్మదిగా నడవడం వేరు. గంటల కొద్దీ తీసినదాన్ని ఇరవై నిమిషాలకు కోస్తే, ఆ ఇరవై నిమిషాల్లో ఊరికే వచ్చిపడిన షాట్ ఒక్కటి కూడా ఉండదు. పదిహేను చోట్ల పరిగెత్తి తీసిన వీడియోలోనే నింపుడు షాట్లు ఎక్కువ: రోడ్డు మీద నడక, టాక్సీ కిటికీ, హోటల్ గది తలుపు. వ్యూస్ తక్కువ రావచ్చు, ఒప్పుకుంటాను. ఖర్చు మాత్రం తక్కువే. తిరుగుళ్లు లేవు, ఒకే గది, ఒకే వీధి. 2023 ఆగస్టు నుంచి వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తోంది కాబట్టి, తొందరపడాల్సిన పని కూడా లేదు. విదేశీ మీడియా సంస్థ తరఫున తీసేవాళ్లు మాత్రం అక్కడి ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. డ్రోన్‌కూ అనుమతి కావాలి. వంటింటికి డ్రోన్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

‘తెలుగు మొహం కనబడకపోతే మనవాళ్లు చూడరు’ అనేది రెండో వాదన. ఇందులో కొంత నిజం ఉంది. పరాయి ఊళ్లో మనకు చెయ్యి పట్టుకుని నడిపించే గొంతు ఒకటి కావాలి. కాబట్టి నేనూ కనిపించాను, ప్రశ్న అడిగేటప్పుడు, అర్థం కానప్పుడు, ఉల్లికాడలు కోయడానికి సాయం చేసేటప్పుడు. తింటున్నప్పుడు మాత్రం కెమెరా నా వైపు తిప్పలేదు.

మనం తీసే వీడియో అక్కడి మనుషులను ఏం చేస్తుందన్నది ఎవరూ అడగరు, అడగాలి. హనోయ్‌లోనే రైలు పట్టాలకు ఆనుకుని ఇళ్లున్న ఒక సందు ఉంది. ఫొటోల కోసం జనం ఎగబడి, ఒక రైలునే వేరే దారిలో మళ్లించాల్సి వచ్చింది. 2019 అక్టోబరులో అధికారులు ఆ పట్టాల పక్క కాఫీ దుకాణాల్ని మూయించారు, 2022లో మళ్లీ అడ్డుకంచెలు పెట్టారు. అక్కడ కాఫీ అమ్ముకుని బతికేవాళ్లు ఎవరి వీడియోల వల్ల బాగుపడ్డారో, వాటి వల్లే దెబ్బతిన్నారు. ఫుట్‌పాత్ మీద స్టూళ్లు వేసుకునే చిన్న దుకాణాలకు ఇంకో భయం కూడా ఉంది. 2017లో జరిగినట్టు ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించే డ్రైవ్‌లు అప్పుడప్పుడు వస్తుంటాయి. ఎన్ని స్టూళ్లు ఎంత దూరం వచ్చాయో స్పష్టంగా చూపించే షాట్ మనకు అందంగానే ఉంటుంది, వాళ్లకు అది సాక్ష్యం. అందుకే దుకాణం పేరు, వీధి పేరు నా వీడియోలో లేవు, ఇక్కడా రాయడం లేదు. బోర్డు కనిపించే షాట్లు తీసేశాను. లొకేషన్ పెట్టమని అడిగేవాళ్లకు ఇదే జవాబు చెబుతూ ఉన్నాను.

డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద పాత్రికేయుల్లో ఒక నియమం ఉంది: మాటకు డబ్బు ఇవ్వకూడదు. నేను మాటకు ఇవ్వను. కానీ నా ట్రైపాడ్ పెట్టిన చోట రెండు స్టూళ్లు ఖాళీగా ఉండిపోతే, ఆ పొద్దుటిపూట ఆ స్టూళ్ల మీద ఎన్ని గిన్నెలు అమ్ముడుపోయేవో లెక్కగట్టి అంత ఇచ్చాను. ఆవిడ మొదట వద్దంది, తర్వాత లెక్క తనే సరిచేసి, నేను వేసినదానికంటే తక్కువే తీసుకుంది.

ఎడిట్ పూర్తయ్యాక, బయట పెట్టకముందే, వియత్నామీస్ సబ్‌టైటిళ్లతో ఒక కాపీ వాళ్లకు పంపాను. ఇది కూడా వాదనకు వచ్చే విషయమే. తీసినదాన్ని తీయబడ్డవాళ్లకు ముందే చూపించకూడదని, చూపిస్తే సినిమా వాళ్ల చేతుల్లోకి పోతుందని చాలామంది నమ్ముతారు. మంత్రి మీదో కంపెనీ మీదో తీస్తున్నప్పుడు అది సరైన నియమం. రాత్రంతా తన వంటింట్లో కూర్చోనిచ్చిన మనిషికి దాన్ని వర్తింపజేయడం అన్యాయం. వాళ్లు రెండు మార్పులు అడిగారు. ఎముకలు తెచ్చే మనిషి మొహం తీసేయమన్నారు, అతనికి ఇష్టం లేదట. కూతురి గురించి ఆవిడ చెప్పిన మాటల మీద నాకు భయం ఉండింది, తీసేయమంటే సినిమా నడుం విరుగుతుంది. తీసేయమంటే తీసేద్దామనే అనుకున్నాను. ఆవిడ ఆ భాగం గురించి ఏమీ అనలేదు. రెండో మార్పు కూతురు అడిగింది: ఆ మాటలు వస్తున్నప్పుడు అమ్మ చేతుల్ని ఇంకాస్త ఎక్కువసేపు చూపించమని. ఫుటేజీ ఉంది, పెంచాను.